రాక్‌లో నాలుగు సీఎం4లు: ఒకటే పెద్ద క్యారియర్ బోర్డా, విడివిడిగానా?

కడపలో కాలేజీ ల్యాబ్ చూసుకునే ఒకాయన ప్రశ్న ఇది. 19 అంగుళాల రాక్‌లో, 1యూ (రాక్‌లో ఒక అర) ఎత్తు డబ్బాలో నాలుగు రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4లు (సీఎం4, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు) పెట్టాలట. మూడు పిల్లల ప్రాక్టికల్స్‌కు, నాలుగోది కాలేజీ మిద్దె మీది సోలార్ ఇన్వర్టర్ల రీడింగులు తీసుకోవడానికి. నాలుగింటినీ ఒకే బోర్డు మీద గీయొచ్చా, ఎన్ని లేయర్లు (రాగి పొరలు) కావాలి, పవర్ ఎట్లా ఇవ్వాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తా. ఒకే పెద్ద బోర్డు వద్దు. మాడ్యూలుకొక చిన్న క్యారియర్ (మాడ్యూల్ కూర్చునే బోర్డు) చేయండి. కొలత 100 × 160 మిల్లీమీటర్లు, నాలుగు లేయర్లు చాలు. రాక్ మొత్తానికి ఒకటే 12 వోల్టుల సప్లై పెట్టి, 5 వోల్టులు ఏ బోర్డుకు ఆ బోర్డు మీదే తయారు చేయండి. ఇంకొక మాట, కైక్యాడ్ (బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్) తెరిచే ముందు డబ్బా గీయండి. రాక్‌లో పెట్టే బోర్డుకు సగం కష్టాలు రేకు నుంచి, మిగతా సగం ఎండ నుంచి వస్తాయి. సర్క్యూటు వల్ల వచ్చేవి తక్కువే.

నేను అనంతపురంలో ఉంటా. ఇట్లాంటి బోర్డులు గీయడమే నా పని. నా మొదటి రాక్ బోర్డు మీరు అనుకుంటున్నట్టే ఒకే పెద్ద పలక, మూడు మాడ్యూళ్ళు. మూడింట్లో ఒకదాని ఈథర్నెట్ జాక్ పోయింది. ఆ ఒక్క జాక్ మార్చడానికి మిగతా రెండూ ఆపి, డబ్బా మొత్తం కిందికి దించాల్సి వచ్చింది. అప్పటినుంచి పెద్ద పలక జోలికి పోలేదు.

మీ ల్యాబ్ విషయంలో దానికంటే గట్టి కారణం ఇంకొకటి ఉంది. సీఎం4 అడుగున రెండు వంద పిన్నుల కనెక్టర్లు ఉంటాయి, హిరోసే డీఎఫ్40 రకం, పిన్నుకూ పిన్నుకూ మధ్య 0.4 మిల్లీమీటర్లు. ఆ కనెక్టరుకు తయారీదారు ఇచ్చిన ఆయుష్షు 30 సార్లు పెట్టి తీయడం, అంతే. పిల్లల ల్యాబ్‌లో అది ఒక సెమిస్టరుకు కూడా రాదు. అందుకే మాడ్యూల్‌ను క్యారియర్ మీద ఒకసారి నొక్కి, నాలుగు ఎం2.5 స్క్రూలు బిగించి, ఇంక దాన్ని ముట్టుకోకూడదు. తీయాల్సి వస్తే క్యారియర్‌తో సహా తీయాలి. పిల్లల చేతికి వచ్చేది గట్టి పవర్ కనెక్టరు, నెట్‌వర్క్ కేబులు మాత్రమే.

100 × 160 ఎందుకంటే

ఇది నా కొలత కాదు, యూరోకార్డ్ అని పాత పారిశ్రామిక కొలత. 19 అంగుళాల ముందు ప్యానెల్ 482.6 మిల్లీమీటర్లు ఉన్నా, రాక్ స్తంభాల మధ్య దొరికే సందు 450. డబ్బా రేకు, మడతలు, పక్క స్క్రూలు పోను లోపల 430 దాకా మిగులుతుంది. వంద వెడల్పు బోర్డులు నాలుగు పక్కపక్కన పడుకోబెడితే 400. సందులకు ముప్పై మిగిలింది. అదే బోర్డును నిలబెడితే 3యూ సబ్‌రాక్‌లో గైడ్ రైళ్ళలోకి జారుతుంది. సబ్‌రాక్ వెడల్పు 84 హెచ్‌పీ, ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు. బోర్డుకు ఎనిమిది హెచ్‌పీ ఇచ్చినా పది బోర్డులు పడతాయి. అంటే వచ్చే ఏడు ప్రిన్సిపాల్ గారు నాలుగు చాలవు, పది కావాలంటే డబ్బా మారుతుంది గానీ బోర్డు మారదు. నిలబెట్టే ఆలోచన ఏ కొంచెం ఉన్నా పొడుగు అంచులు రెండింటి వెంబడీ రెండున్నర మిల్లీమీటర్లు ఖాళీగా వదిలేయండి, అక్కడ పార్టూ వద్దు, రాగీ వద్దు.

1యూలోనే నిలబెట్టొచ్చుగా అని కొందరు అడుగుతారు. కుదరదు. 1యూ అంటే 44.45 మిల్లీమీటర్లు, ప్యానెల్ అంతకంటే ఇంకో 0.8 తక్కువే ఉంటుంది. పైనా కిందా రేకు పోతే 41 చిల్లర. మాడ్యూల్ ఒక్కటే 55 × 40. దానికి క్యారియర్ అంచులు ఎక్కడ పెడతారు?

పడుకోబెడితే ఎత్తు లెక్క సుఖంగా ఉంటుంది. 43.6లోంచి రేకులకు 2.4, స్టాండాఫ్‌కు (బోర్డును ఎత్తి పట్టే చిన్న గుంజ) 6, బోర్డుకు 1.6 తీసేస్తే 33.6. మాడ్యూలుకు, దాని కనెక్టరుకు ఎనిమిది అనుకున్నా హీట్‌సింకుకూ గాలికీ పాతిక మిల్లీమీటర్లు మిగిలినట్టు.

రేకు గురించి ఒక సంగతి చెప్పి ముందుకు పోతా. మొదటి డబ్బాకు బయటి వెడల్పు సరిగ్గా 450 అని డ్రాయింగ్‌లో రాసి ఇచ్చాను. మడతల దగ్గర కొంత, పౌడర్ కోటింగ్ మందం కొంత కలిసి 451 అయింది. రాక్‌లోకి సగం దూరం పోయి బిగుసుకుపోయింది. షాపాయన వచ్చి చూసి, "ఒక్క మిల్లీనే గదా సార్, నాలుగు దెబ్బలేస్తే అదే పోతాది" అని సుత్తి తీసినాడు. లోపల మూడు బోర్డులున్నాయయ్యా అంటే గానీ ఆగలేదు. ఇప్పుడు 444 కంటే ఎక్కువ రాయను. పైగా రేకు కత్తిరించే ముందు బోర్డు బొమ్మను ఒకటికి ఒకటి కొలతలో కాగితం మీద ప్రింటు తీసి, అట్టకు అంటించి, జాకులు ఆ అట్ట మీద పెట్టి, ముందు ప్యానెల్ రంధ్రాలు అక్కడే చూసుకుంటా.

అదే కాగితం ఇంకో గండం కూడా తప్పిస్తుంది. మాడ్యూల్ బోర్లా పడుకొని క్యారియర్ మీద కూర్చుంటుంది కాబట్టి రెండు కనెక్టర్లను అద్దంలో బొమ్మలా తిరగేసి గీసేయడం చానా మంది చేసే తప్పు. స్క్రీన్ మీద ఎంత చూసినా కనబడదు. కాగితం మీద అసలు మాడ్యూల్ పెట్టి ఒకటో పిన్ను వేలితో చూపించుకుంటే పది సెకన్లలో తేలిపోతుంది. ఇంకా మేలు, సీఎం4 ఐఓ బోర్డు కైక్యాడ్ ఫైళ్ళు కంపెనీ వాళ్ళే బయటికి ఇచ్చారు. కనెక్టర్ల జాగా, స్క్రూ రంధ్రాలు అందులోంచే ఎత్తుకోండి, కొత్తగా కొలవద్దు. ఎస్ఓడిమ్ స్లాటుతో (ల్యాప్‌టాప్ ర్యామ్ పెట్టేలాంటిది) చేసిన పాత డిజైన్లు కూడా మీకు కనబడతాయి. అవి 2014లో మొదలైన పాత తరం మాడ్యూళ్ళవి. 2020 అక్టోబరులో వచ్చిన సీఎం4కు పనికిరావు.

కనెక్టర్ ఎత్తులో రెండు రకాలున్నాయి. 1.5 మిల్లీమీటర్లది వేస్తే మాడ్యూల్ కింద ఏమీ పెట్టకూడదు. 3 మిల్లీమీటర్లది వేస్తే చిన్న 0402 కెపాసిటర్లకు చోటు దొరుకుతుంది. నేను 3 మిల్లీమీటర్లదే వాడతా. 1.5 వేసి, కింద ఒక కెపాసిటర్ ఉన్న సంగతి మరిచి, మాడ్యూల్ ఒక పక్క కూర్చుని ఇంకో పక్క లేచి ఉంటే బలంగా నొక్కిన పాపం నాది. క్లిక్ అని వినబడింది, కనెక్టరు కాదు, కెపాసిటర్ పగిలిన శబ్దం.

పవర్ దగ్గర కక్కుర్తి వద్దు

డబ్బా వెనక పెద్ద 5 వోల్టుల సప్లై పెట్టి నాలుగింటికీ వైర్లు లాగితే పనైపోతుందిగా అనిపిస్తుంది. లెక్క వేయండి. ఎన్‌వీఎంఈ డిస్కు కూడా ఉంటే ఒక్కో బోర్డుకు 15 వాట్లు పక్కన పెడతా, అంటే 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు, నాలుగింటికి 12. వైరు, కనెక్టరు, ఫ్యూజు అన్నీ కలిసి 50 మిల్లీఓమ్‌లు ఉన్నాయనుకుంటే 0.6 వోల్టులు దారిలోనే పోతాయి. మాడ్యూలుకు కావాల్సింది కనీసం 4.75, దానికి అందేది 4.4. అదే 60 వాట్లు 12 వోల్టుల మీద పంపితే, మార్పిడి నష్టం కలుపుకున్నా అయిదున్నర ఆంపియర్లు. పోయేది 0.3 లోపు, దాన్ని బోర్డు మీద 12ను 5 వోల్టులు చేసే బక్ రెగ్యులేటర్ పట్టించుకోదు.

ఆ బక్ రెగ్యులేటర్‌ను 5 ఆంపియర్లకు వేయండి. సీఎం4కు అంత అవసరం లేదు. కానీ 2024 నవంబరులో వచ్చిన సీఎం5 అదే కొలత, అవే కనెక్టర్లు, ఆకలి ఎక్కువ. రేపు మాడ్యూల్ మార్చినా బోర్డు పనికొస్తుంది. పాత పిన్నుల్లో కొన్ని, ఒక కెమెరాకు, ఒక డిస్‌ప్లేకు ఇచ్చినవి, సీఎం5లో యూఎస్‌బీ 3కు పోయాయి. మీకు కెమెరా అవసరం లేదు కాబట్టి వాటిని దేనికీ కలపకుండా వదిలేయండి.

మాడ్యూల్ నుంచి బయటికి వచ్చే 3.3 వోల్టులు 600 మిల్లీఆంపియర్లకే. దాన్ని చూసి ఎన్‌వీఎంఈకి అక్కడినుంచే ఇద్దామనుకోకండి. నా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన ఒక పిల్లవాడు అట్లాగే గీశాడు. బూట్ అయ్యేది, డిస్కు మీద ఏదన్నా రాయబోతే చచ్చేది. మూడు రోజులు సాఫ్ట్‌వేర్‌లో వెతికాడు పాపం. ఎన్‌వీఎంఈకి విడిగా 3 ఆంపియర్ల 3.3 రెగ్యులేటర్ వేయండి.

12 వోల్టులు బోర్డులోకి వచ్చే చోట సాఫ్ట్ స్టార్ట్ (కరెంటును మెల్లగా పెంచడం) ఉన్న ఈఫ్యూజ్, అంటే ఎలక్ట్రానిక్ ఫ్యూజు, పెట్టండి. రాక్ ఆన్‌లో ఉండగానే పిల్లలు కనెక్టరు పెడతారు, పెట్టొద్దన్నా పెడతారు. ఈఫ్యూజ్ లేకుంటే ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండి చిటుక్కున నిప్పురవ్వ లేస్తుంది, పక్క మూడు బోర్డులూ రీస్టార్ట్ అవుతాయి.

లేయర్లు, ట్రాకులు

ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు. పైన సిగ్నల్, రెండోది పూర్తి గ్రౌండ్, మూడోది పవర్, కింద సిగ్నల్. యూఎస్‌బీ, పీసీఐఈ (ఎన్‌వీఎంఈ డిస్కు తగిలే దారి) జతల ఇంపెడెన్స్ 90 ఓమ్‌లు, ఈథర్నెట్, హెచ్‌డీఎంఐ జతలు 100. ట్రాక్ వెడల్పు ఎంత అంటే బోర్డు చేసే వాళ్ళ స్టాకప్ (లేయర్ల మందాల లెక్క) అడిగి లెక్క వేసుకోవాలి, ఇంకొకరి బోర్డు చూసి కాపీ కొట్టకూడదు. ఈథర్నెట్ చిప్ మాడ్యూల్ మీదే ఉంది, మీరు పెట్టేది ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉన్న జాక్ ఒక్కటే. పీసీఐఈ ఒకటే లేన్, జెన్ 2. దాన్ని ఎన్‌వీఎంఈకి ఇచ్చారంటే రెండో ఈథర్నెట్‌కు మిగలదు, పీసీఐఈ స్విచ్ చిప్ పెట్టాలి. మొదటి బోర్డులో వద్దు. నాలుగింటినీ కలపడానికి రాక్‌లో ఎట్లాగూ నెట్‌వర్క్ స్విచ్ ఉంటుంది.

హెచ్‌డీఎంఐ నేను తీసేశా. దాని బదులు ముందు ప్యానెల్ మీద మూడు పెట్టండి: సీరియల్ కన్సోల్, ఒక యూఎస్‌బీ పోర్టు, లోపలికి దాగిన ఒక బటన్. ఆ బటన్ ఎన్‌ఆర్‌పీఐబూట్ పిన్నును గ్రౌండ్‌కు కలుపుతుంది. అది నొక్కి పట్టి పవర్ ఇచ్చి, ల్యాప్‌టాప్‌లో ఆర్‌పీఐబూట్ ప్రోగ్రాం నడిపితే మాడ్యూల్ యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కు డ్రైవులా కనబడుతుంది, ఈఎంఎంసీలో (మాడ్యూల్ మీదే ఉన్న స్టోరేజీ) కొత్త ఇమేజ్ రాసుకోవచ్చు. పిల్లలు వారానికొకసారి సిస్టమ్ చెడగొడతారు, ప్రతిసారీ మూత విప్పుతూ కూర్చుంటారా? పెన్ను మొనతో నొక్కేంత చిన్న రంధ్రం చాలు.

గడియారం మరవొద్దు. సీఎం4లో ఆర్‌టీసీ (కరెంటు పోయినా నడిచే గడియారం చిప్) లేదు. కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ అందకుంటే టైము ఎక్కడో పాత చోట ఆగిపోయి ఉంటుంది. సోలార్ రీడింగులకు అది పెద్ద తలనొప్పి. పట్టపగలు పన్నెండింటి ఉత్పత్తి అర్ధరాత్రి జరిగినట్టు రాసుకొని ఉంటుంది. డీఎస్3231 గానీ పీసీఎఫ్85063ఏ గానీ వేసి సీఆర్2032 బ్యాటరీ హోల్డర్ పెట్టండి.

ఇక ఎండ

మే నెలలో మన దగ్గర నీడలోనే 42. ఏసీ ఆపేసిన ల్యాబ్‌లో, మూసిన రాక్ లోపల ఇంకో పది కలపండి, 52. మాడ్యూల్ 80 డిగ్రీలు దాటగానే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. చేతిలో ఉన్నది 28 డిగ్రీలు. చిప్ ఆరు వాట్లు వదులుతుందంటే మీ హీట్‌సింకు వాటుకు నాలుగున్నర డిగ్రీల కంటే ఎక్కువ పెరగనివ్వకూడదు. అతికించే చిన్న అల్యూమినియం ముక్కతో, కదలని గాలిలో, అది జరిగే పని కాదు. పెద్ద హీట్‌సింకు, దాని మీదుగా గాలి, రెండూ కావాలి. బెంగుళూరులో ఏసీ గదిలో పరీక్షించి ఇక్కడ పెట్టిన ఒక యూనిట్ ఏప్రిల్ మధ్యాహ్నాల్లో నత్తలా నడిచింది. రాత్రిపూట చూస్తే ఏ జబ్బూ లేదు.

ఫ్యాన్లు 40 మిల్లీమీటర్లవి, డబ్బా ముందు వైపు, గాలిని లోపలికి తోసేలా, ముందు స్పాంజి ఫిల్టర్‌తో. చాలామంది వెనక పెట్టి గాలిని బయటికి లాగిస్తారు. అప్పుడు డబ్బాలోని ప్రతి సందు నుంచీ దుమ్ము లోపలికి వస్తుంది. ఆషాఢం గాలులకు మా ఊర్లో మూసిన కిటికీ రెక్కల వెనకే ఎర్రమట్టి పేరుకుంటుంది, మీకూ తెలిసిన సంగతే. ముందు నుంచి తోస్తే లోపల ఒత్తిడి ఎక్కువగా ఉండి సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్మంతా ఫిల్టర్‌లో ఆగుతుంది. నెలకొకసారి స్పాంజి కడిగి ఆరబెడితే సరి.

నాలుగో బోర్డుకు ప్రత్యేకం

ఇన్వర్టర్ల నుంచి ఆర్‌ఎస్485 (రీడింగులు మోసే సీరియల్ లైను) తీగ మిద్దె మీది నుంచి దిగుతుంది కదా. ఆ పోర్టు తప్పకుండా ఐసోలేటెడ్ అయి ఉండాలి, అంటే తీగకూ బోర్డుకూ నేరుగా కరెంటు దారి ఉండకూడదు. దానికి పవర్ ఇచ్చే డీసీ డీసీ కన్వర్టర్ కూడా ఐసోలేటెడే. తీగ లోపలికి వచ్చే చోట గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబు, బోర్డు దగ్గర టీవీఎస్ డయోడ్లు, రెండూ ఉన్నట్టుండి వచ్చే ఎక్కువ వోల్టేజీని పక్కకు మళ్ళించేవి. కదిరి వైపు ఒక సోలార్ ప్లాంటులో నేను ఖర్చు తగ్గిద్దామని ఐసోలేషన్ లేని మామూలు ట్రాన్సీవర్ (ఆ లైనుతో మాట్లాడే చిప్) పెట్టి ఇచ్చాను. జూన్ మొదట్లో ఉరుముల వాన ఒకటి పడింది. పిడుగు దగ్గర్లో కూడా పడలేదు. ట్రాన్సీవర్ చిప్ మధ్యలో గుండుసూది తల అంత రంధ్రం, దాని వెనకాలే మాడ్యూల్ పోయింది. మిగిల్చిన డబ్బు కంటే పోయిన మాడ్యూల్ ఖరీదు ఎన్నో రెట్లు.

ఎర్తు గురించీ చూసుకోండి. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి చేతులు దులుపుకుంటారు, మే వచ్చేసరికి అది ఎండి రాయిలా ఉంటుంది. రాక్ పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ రెసిస్టెన్స్ కొలిపించండి, ఎండాకాలం గుంతలో నీళ్ళు పోయించండి. ఈథర్నెట్ జాక్ లోహపు తొడుగును ముందు ప్యానెల్‌కే తాకించండి, బోర్డు గ్రౌండ్‌లోంచి చుట్టూ తిప్పొద్దు. పొడి గాలి రోజుల్లో ప్లాస్టిక్ కుర్చీ మీద నుంచి లేచి వచ్చిన మనిషి జాక్ ముట్టుకుంటే చిటపటమనేది అక్కడే.

వైఫై ఉన్న మాడ్యూల్ కొంటే ఆంటెన్నా డబ్బా బయటికి తేవాలి, రేకు లోపల అది గుడ్డిదే. నాకైతే వైఫై లేనిది కొనడమే నయం.

బోర్డులు వచ్చాక వెంటనే మాడ్యూల్ పెట్టొద్దు. నేను చేసేది ఇది. 5 వోల్టుల అవుట్‌పుట్‌కు పాత కారు హెడ్‌లైట్ బల్బు కలుపుతా, 12 వోల్టుల 55 వాట్లది. 5 వోల్టుల మీద అది మూడు ఆంపియర్లకు కొంచెం తక్కువ లాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బల్బు మొదటి క్షణంలో దానికి చాలా రెట్లు లాగుతుంది కాబట్టి, రెగ్యులేటర్ తడబడకుండా లేచిందంటే స్టార్టప్ పరీక్ష కూడా అయిపోయినట్టే. అరగంట అట్లా ఎర్రగా వెలగనిచ్చి, ఇండక్టర్ మీద థర్మోకపుల్ ఆనించి చూస్తా, మీటర్ 4.9 కింద చూపిస్తే మాడ్యూల్ డబ్బా తెరవను. మొదటిసారి ఐదు బోర్డులు వేయించి, రెండింటికే పార్టులు ఎక్కించండి. పార్టులకు బస్సెక్కి బెంగుళూరు ఎస్పీ రోడ్డుకు పోవాలనుకుంటే బల్బు హోల్డర్లు, స్టాండాఫ్‌లు, ఫ్యాన్లు అక్కడ తెచ్చుకోండి. డీఎఫ్40 కనెక్టర్లు మాత్రం పేరున్న పంపిణీదారు దగ్గర ఆన్‌లైన్‌లోనే కొనండి.

మీ రాక్ లోతు ఎంత, ముందు తలుపు అద్దమా జాలీనా అన్నది మీరు రాయలేదు. అద్దం తలుపైతే పైన చెప్పిన ఫ్యాన్ల లెక్క మారిపోతుంది. అది చెబితే ఎన్ని ఫ్యాన్లు, ఎక్కడ అన్నది కింద రాస్తా.